ఊపిరాడని బిడ్డకు నైట్రిక్ ఆక్సైడ్

తీవ్రమైన న్యుమోనియాచే బిడ్డ ఊపిరితిత్తులు చెడినప్పుడు, శ్వాసయంత్రమునందుంచినను రక్తమునకు ప్రాణవాయువు చాలకపోవచ్చును. అట్టి సమయమున వైద్యులు కొందరు ఆ గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ వాయువును స్వల్పముగా, సాధారణముగా పదిలక్షల భాగములకు 20 భాగములు మించకుండ, కలుపుదురు. గాలి చేరుచున్న భాగముల రక్తనాళములను ఇది వెడల్పు చేయును. అందుచే రక్తము అచటికి ఎక్కువగా ప్రవహించి ప్రాణవాయువును గ్రహించును.

నెలలు నిండి పుట్టి, ఊపిరితిత్తుల రక్తనాళములు ముడుచుకొనియున్న శిశువులకై 1999లో అమెరికా దీనిని అనుమతించినది. పెద్దపిల్లల విషయము వేరు. తొలి గంటలలో ప్రాణవాయువు పెరిగినను, మరణములు తగ్గునని పరిశోధనలలో రుజువు కాలేదు.

కావున తల్లిదండ్రుల మెలకువయే తొలి రక్ష. నిమిషమునకు రెండు నెలలలోపు బిడ్డ 60 సార్లు, ఏడాది మొదలు అయిదేండ్లలోపు బిడ్డ 40 సార్లు శ్వాసించినను, ఏ బిడ్డయైనను డొక్కలెగురవేసినను, క్షణమైన జాగు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. రెండు నెలలు దాటిన శిశువునకు 50 సార్లు వచ్చినను చాలును.