సామాజిక సమస్యలు – బాలల ఛాయాచిత్రాలు

సామాజిక సమస్యలను గూర్చి వ్రాసేవారు బాలల ఛాయాచిత్రాలను ఆశ్రయించడం సర్వసాధారణం. ఎముకలు తేలిన పసిబిడ్డ బొమ్మ పాఠకుని హృదయాన్ని క్షణంలో కరిగిస్తుంది. అయితే ఆ చిత్రం సమస్యను వివరిస్తున్నదా, లేక జాలిని మాత్రమే పుట్టిస్తున్నదా అన్నది విచారింపదగిన విషయం.

ఈ పద్ధతి తెలుగు నేలకు కొత్త కాదు. 1876–78 సంవత్సరాలలో మద్రాసు రాజధానిని మహాక్షామం పీడించింది. కర్నూలు, కడప, బళ్ళారి మండలాలు దాని వాత పడ్డాయి. మద్రాసు సైన్యంలో అధికారియైన విల్లోబీ వాలస్ హూపర్ క్షామపీడితులను, వారిలోని పసివారిని, గుంపులుగా కూర్చుండబెట్టి ఫోటోలు తీశాడు. అవి క్షామ భీకరత్వాన్ని లోకానికి చాటిన మాట నిజమే. కాని ఆ పిల్లలు ఎవరో, వారి గతి ఏమైనదో ఆ బొమ్మలు చెప్పవు. ధాన్యం ధర ఎందుకు పెరిగిందో, కూలివాడు ఎందుకు కొనలేకపోయాడో అంతకంటె చెప్పవు.

దీనికి భిన్నమైన మార్గాన్ని అమెరికాలో లూయిస్ హైన్ చూపాడు. ఉపాధ్యాయుడైన ఆయన 1908 నుండి జాతీయ బాలకార్మిక సంఘం తరఫున నూలు మిల్లులలోను, గనులలోను పనిచేసే పిల్లలను చిత్రించాడు. వీలైనంతవరకు పిల్లవాని పేరు, వయస్సు, చేసే పని విచారించి చిత్రానికి జతపరచేవాడు. తన కోటు గుండీలతో సరిచూచి ఎత్తును అంచనా కట్టేవాడట! అందువలననే అవి జాలిబొమ్మలు కాక సాక్ష్యాలైనాయి. 1938లో ఆ దేశంలో బాలల శ్రమను నియంత్రించే శాసనం రావడానికి దోహదం చేసిన వాటిలో ఆ చిత్రాలు కూడా ఉన్నాయి.

అయినను హైన్ పద్ధతి నేడు యథాతథంగా అనుసరణీయం కాదు. నాడు పేరు సాక్ష్యం; నేడు అదే పేరు ఆ బిడ్డకు జీవితాంతం మాయని ముద్ర కావచ్చు. చట్టవిరుద్ధంగా పనిలో పెట్టబడిన బాలలు, నేరబాధితులైన బాలలు మొదలైనవారి పేరు, చిరునామా, పాఠశాల, ఫోటో ప్రచురించరాదని 2015 నాటి బాలల న్యాయచట్టంలోని 74వ సెక్షన్ శాసిస్తున్నది. ఉల్లంఘించినవారికి ఆరు నెలల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధింపవచ్చు. కళాశాల సంచిక కూడా పత్రికయే అని మనం మరువరాదు.

మన వేంసూరు ఉన్న ఖమ్మం ప్రాంతానికీ, ఆవల భద్రాచలం ప్రాంతానికీ మిరప ఏరే కాలంలో ఛత్తీస్‌గఢ్ నుండి కూలి కుటుంబాలు వలస వస్తాయి. చేనిలో కనబడిన పిల్లవాడు కూలికి వచ్చాడో, తల్లి వెంట వచ్చాడో ఫోటో చెప్పలేదు. విచారింపకయే క్రింద ‘బాలకార్మికుడు’ అని వ్రాస్తే అది అసత్యం కావచ్చు. నిజమైతే ముఖం చూపడం నేరం.

కనుక సేవాశిబిరాలకు వెళ్ళే విద్యార్థులు సెల్‌ఫోను తీసే ముందు తల్లిదండ్రులను, ఆ బిడ్డను అడగాలి. ముఖానికి బదులు మిరప ఘాటుకు మండిన చేతులను, బడికి గల దూరాన్ని, కూలి రేటును చూపవచ్చు. సమస్య అక్కడనే ఉన్నది. మన సోదరుని ఫోటోను ఏ వివరణతో ప్రచురిస్తే మనం సమ్మతిస్తామో, పరుల బిడ్డ విషయంలోను అదే కొలబద్ద కావాలి.