బల్లమీది చిన్న రైలు, దాని చుట్టునున్న నేల

అంగడిలో కొనితెచ్చిన బొమ్మరైలు ఎంత చక్కనిదైనను, నున్నని బల్లమీద తిరుగుచున్నంతవరకు అది బొమ్మయే. దానిచెంత ఒక గట్టును, నాలుగు తాళ్లను, ఒక చేనును నిలిపితిమా, అది ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవు బండియగును. ఆ నేలను బల్లమీద కట్టు విధమునుగూర్చి శ్రోతలతో కొంత ముచ్చటించెదను.

నేను ఎన్నుకొన్నది నౌపడా చిన్నరైలు. ఆ మార్గము 1900లో పర్లాకిమిడి వరకును, 1931లో గుణుపురము వరకును వేయబడినది. పట్టాల నడిమి ఎడము రెండున్నర అడుగులే. 2004లో ఆ చిన్నబండ్లు నిలిచిపోయి, పిమ్మట పెద్దపట్టాలు వచ్చినవి. ఇప్పుడు దానిని నడుచుచుండగా చూడగోరువారికి బల్లయే దిక్కు.

నా కొలత 87వ వంతు. రెండున్నర అడుగులనగా 762 మిల్లీమీటర్లు. 87చే భాగించిన ఇంచుమించు తొమ్మిది. తొమ్మిది మిల్లీమీటర్ల పట్టా అంగళ్లలో దొరకును గావున ఆ చిక్కు లేదు. నేల విషయమున మాత్రము లెక్క కఠినము. మొత్తము మార్గము 90 కిలోమీటర్లు. ఈ కొలతలో సైతము అది కిలోమీటరు దాటును. ఎనిమిది అడుగుల నా బల్లపై పట్టునది అసలు నేలలో సుమారు 210 మీటర్లే. ఊళ్లన్నిటిని ఇరికింపబూనిన బొమ్మలకొలువగును గాని దేశము కాదు. అందుచే నౌపడా చేరువ ఉప్పుమళ్ల అంచును, వాని వెనుకటి వరిచేలను మాత్రమే ఉంచుకొంటిని.

పలువురు ముందు పట్టాలు పరచి, మిగిలినచోట మట్టి పోయుదురు. పెద్దరైలునకు అది చెల్లవచ్చును. అది మెట్టను త్రవ్వి, పల్లమును పూడ్చి తిన్నగా పోగలదు. చిన్నరైలు స్వల్పవ్యయముతో వేసినది. నేల యెటు వంగిన అటు వంగును. కావున నేలను ముందు చేసి, దారిని పిమ్మట వెదకవలెను.

అట్టముక్కలను తడికవలె అల్లి, మైదాజిగురులో తడిపిన వార్తాపత్రికలను మూడు నాలుగు పొరలు పరచి, ఆరినపిదప ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూయవలెను. జిగురు కాచునప్పుడు చిటికెడు మైలుతుత్తము చేర్చిన పురుగు పట్టదు. పైపొరకు రంగుపొడికంటె నిజమైన మన్నే మేలు. దానిని పెనముమీద వేయించి, పలుచని గుడ్డతో జల్లించి, కాగితముపై పరచి, అయస్కాంతమును నాలుగైదుమారులు త్రిప్పవలెను. మట్టిలోని ఇనుపరజను ఇంజనులోని మోటారును చేరినచో బండి మొరాయించును. తరువాత నీటిలో కలిపిన తెల్లజిగురును చుక్కలుగా విడువవలెను. ఒక చుక్క సబ్బునీరు కలుపనిచో ఆ జిగురు ఇంకక, తామరాకుపై నీటివలె పైననే నిలుచును.

చెట్లను పొట్టిగా చేయుట అందరకు అలవాటు. అరువదియడుగుల తాడి ఈ కొలతలో 21 సెంటీమీటర్లు, అనగా రమారమి జానెడు! దానిక్రింద మనిషి రెండు సెంటీమీటర్లైనను ఉండడు. వెదురుపుల్ల మానునకు చాలును. ఆకులను విసనకర్రలవలె కాగితము మడిచి కత్తిరింపవచ్చును. క్రింది ఆకులు కొన్ని ఎండి వ్రేలాడవలెను. నా బల్లను చూడవచ్చిన పెద్దలొకరు ఇంజనువంక చూడనేలేదు. గట్టుమీది తాళ్లనే చాలసేపు చూచిరి.

ఉప్పుకుప్పలకు నిజమైన ఉప్పు వాడవలెనని ఎవరికైనను తోచును. వలదు. వానకాలమున అది చెమ్మ పీల్చి కరగి, తీగెలను తినివేయును. పాలరాతిపొడి చాలును. మళ్లలోని నీటికై అడుగున బూడిదరంగు వేసి, తేటవార్నిషును పలుచని పూతలుగా, ఒకటి ఆరినపిదప మరియొకటి పోయవలెను.

వెనుకగోడపై కొండలు వ్రాయుటలో చేతిని అదుపున నుంచుట కష్టము. మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తుగలది. అయినను దానిని ముదురాకుపచ్చగా వ్రాసితిమా, వచ్చి బల్ల అంచున కూర్చుండును! దూరమును తెలుపునది ఆకారము కాదు, రంగు. తెలుపు మిక్కిలిగా కలిపిన నీలిబూడిదరంగుతో, గీత కానరాకుండ వ్రాయవలెను.

తుదకు పట్టా. తెల్లని కంకర దండిగా పోసినచో అది పెద్దరైలు పోలిక. స్లీపర్లు సగము మన్నులో పూడి, నడుమ గడ్డి మొలవవలెను. పట్టాల ప్రక్కలకు తుప్పురంగు పూసి, పైభాగమును వెంటనే తుడిచివేయుడు. చక్రములకు విద్యుత్తు అందునది అచ్చటనే. ఆ పూట మాత్రము బండి నడపకుడు. జిగురు ఆరుటకు ఒక రాత్రి పట్టును.