√8 + √18 అంటే √26 కాదు

తొమ్మిదో తరగతి లెక్కల నోట్‌బుక్కుల్లో మాకు ఎక్కువగా కనబడే తప్పు పైన శీర్షికలో ఉన్నదే. మీ పాపో బాబో రాసింది చూస్తే కూడిక సరిగ్గానే ఉన్నట్టుంటుంది. అందుకే ఇంట్లో ఎవరూ పట్టుకోలేరు.

మన చీడికాడ వైపు అందరికీ తెలిసిన కొలతతో మొదలుపెడదాం. సెంటున్నర ఇంటి స్థలం అంటే 72.6 చదరపు గజాలు. సులువు కోసం 72 అనుకుందాం. ఆ స్థలం నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క √72 గజాలు. ఇప్పుడు 72ను 36 × 2గా విడదీయండి. 36కు వర్గమూలం 6, అది బయటికి వస్తుంది. 2 లోపలే ఉండిపోతుంది. జవాబు 6√2. పిల్లవాడికి 36 తట్టలేదనుకోండి, 9 × 8 అని రాసినా ఫరవాలేదు. 3√8 వస్తుంది, అందులో 8 అంటే 4 × 2 కాబట్టి మళ్లీ 6√2కే చేరతాడు.

కాలిక్యులేటర్ 8.485 అని చూపిస్తుంది. తాపీమేస్త్రీకి అది చాలు, పరీక్షకు చాలదు. 8.485ను దానితోనే గుణిస్తే 71.995 దగ్గర ఆగుతుంది. 6√2ను గుణిస్తే సరిగ్గా 72.

ఇక కూడిక. √8 అంటే 2√2, √18 అంటే 3√2. రెండు బెల్లం దిమ్మలకు మూడు కలిపితే అయిదు దిమ్మలు, ఇక్కడ 5√2. లోపలి సంఖ్యలు ఒకటే అయితేనే ఇలా కలుస్తాయి. √2 + √3 అలాగే ఉంచాలి. మూలం గుర్తు కింద కూడిక ఉంటే విడగొట్టకూడదు కూడా. గోడ మూలమట్టం చూడడానికి మేస్త్రీలు వాడే 3, 4, 5 కొలతలే సాక్ష్యం: √(9 + 16) అంటే 5, 3 + 4 = 7 కాదు.

తెలుగు మీడియంలో చదివిన వారికి 'హారాన్ని అకరణీయం చేయుట' గుర్తుండే ఉంటుంది. మీ పిల్లల పుస్తకంలో 'రేషనలైజింగ్ ద డినామినేటర్' అన్నది అదే. 1/√2ను √2/2గా మార్చడం. కాలిక్యులేటర్లు లేని రోజుల్లో 1ని 1.414తో భాగించడం కంటే 1.414ను 2తో భాగించడం ఎంత తేలికో మీకు చెప్పక్కర్లేదు. కాబట్టి ఇంగ్లిష్ పుస్తకం చూసి వెనకడుగు వేయకండి, ఈ పాఠం మీరు చెప్పగలరు.

ఈ రాత్రి √50 + √32 ఇచ్చి చూడండి. 9√2 రావాలి. √82 వస్తే నోట్‌బుక్కు మాకు పంపండి.