చేరేముందే అడగమనండి!

"అన్నం చల్లారిపోతోందిరా" అని పిలిస్తే, "ఒక్క నిమిషం అమ్మా" అని మీ పిల్లలూ అంటున్నారా? ఓ రాత్రి విసుగొచ్చి మా వాడి కంప్యూటర్ స్విచ్ కట్టేశాను. వాడి కళ్లల్లో నీళ్లు! "నా వల్ల మిగతా ముగ్గురూ ఓడిపోయారమ్మా" అన్నాడు.

మనసు చివుక్కుమంది. మర్నాడు పక్కన కూర్చుని చూశాను. ఆట పేరు 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'. 1999లో వచ్చింది, 2019లో కొత్త హంగులు దిద్దుకుంది. ఎవరింట్లో వాళ్లుండి, ఇంటర్నెట్‌లో నలుగురేసి రెండు జట్లుగా ఆడొచ్చు. మామూలుగా మొదట్లో ముగ్గురు పనివాళ్లు, 200 ఆహారం, 200 కలప ఇస్తారు. కొత్త పనివాడు కావాలంటే 50 ఆహారం ఖర్చు. 25 కలపతో ఇల్లు కడితే ఐదుగురికి చోటు. అచ్చం మన సంసారమే! ఆట గంట దాకా సాగొచ్చు. మధ్యలో ఒకరు లేచిపోతే ఆ జట్టు కుంటుపడుతుంది.

అందుకే ఇద్దరం ఓ ఒప్పందానికొచ్చాం. ఆటలో చేరేముందు వాడు నన్నడగాలి. భోజనానికి గంట లోపుంటే చేరకూడదు. చేరాక నేను పిలవకూడదు. ఇప్పుడు వేడన్నం అందరం కలిసే తింటున్నాం.

మీరూ కోప్పడేముందు కాసేపు పక్కన కూర్చుని చూడండి.