అమ్మీ తవ్వ ఎన్ని మిల్లీలీటర్లు?

కొలతలో మోసగించేవారి వినాశాన్ని గురించి హెచ్చరిస్తూ అల్లాహ్ తన దివ్యగ్రంథంలో ఒక పూర్తి సూరానే అవతరింపజేశాడు. అదే సూరా ముతఫ్ఫిఫీన్. తాము పుచ్చుకునేటప్పుడు నిండుగా పుచ్చుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారి ప్రస్తావన అందులో ఉన్నది. మద్‌యన్ జాతికి హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) తౌహీదు తరువాత ప్రధానంగా బోధించినది కూడా కొలతలూ తూనికలూ సరిగా ఉంచమనే. కొలత అంటే అంగడి వ్యవహారం మాత్రమేనని మనలో చాలామంది భావిస్తారు. అది ఇంటి వ్యవహారం కూడానని ఇటీవల మా ఎదుటికి వచ్చిన ఒక ప్రశ్న మాకు గుర్తు చేసింది.

మా నరసాపురంలోనే ఒక కుటుంబానికి చెందిన ఇద్దరు అన్నదమ్ములు ఒకనాడు అస్ర్ నమాజు తరువాత మా వద్దకు వచ్చారు. వారి తల్లి కన్నుమూయడానికి ముందు, తన సొమ్ములోనుంచి ప్రతి శుక్రవారం ఒక తవ్వ పాలు పొరుగున ఉన్న ఒక పేద వితంతువుకు పంపవలెనని వసీయత్ చేసిందట. ఆ ఖర్చు ఆమె ఆస్తిలో మూడవ వంతు దాటదు గనుక వసీయత్ చెల్లుతుంది. చిక్కల్లా కొలతలో వచ్చింది. పెద్దవాడు వారం వారం అర లీటరు పాకెట్టు పంపుతున్నాడు. "శేరంటే లీటరు, తవ్వంటే అందులో సగం" అని అతని లెక్క. "అమ్మీ తవ్వ అంతకన్న పెద్దది, భాయిజాన్. మనం తగ్గించి ఇస్తున్నామేమో" అని చిన్నవాడి భయం. "హజ్రత్! అమ్మీ మాట మేము నిలబెట్టినట్టేనా?" అని ఇద్దరూ అడిగారు.

ముందుగా పాత కొలతల సంగతి చూద్దాము. మన పెద్దల వాడుకలో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మానికనే శేరు అని కూడా అనేవారు. నాలుగు మానికలు ఒక కుంచం. ఈ వరుస చాలామంది పెద్దలకు నోటికి వచ్చు. కాని ఊరు మారితే పాత్ర పరిమాణం మారేది. పైగా తూకపు శేరు వేరు, కొలత శేరు వేరు. 80 తులాల తూకపు శేరు సుమారు 933 గ్రాములు. కొలత శేరు అనేది పాత్ర. అది ఏ ఊరి పాత్ర అయితే ఆ ఊరి పరిమాణం. దేశమంతటికీ ఒకే కొలత ఉండాలని 1956లో చట్టం చేసి, 1958 నుంచి మెట్రిక్ పద్ధతిని అంచెలంచెలుగా అమలు చేయడానికి ఇటువంటి గందరగోళమే ఒక కారణం. కనుక "తవ్వ అంటే ఇన్ని మిల్లీలీటర్లు" అని అందరికీ వర్తించే ఒక్క అంకె చెప్పడం సరికాదు.

మరి దారి ఏమిటి? మన ఫిఖ్‌హ్ చరిత్రలోనే దానికి చక్కని దృష్టాంతం ఉన్నది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కాలపు "సా" ఎంత అనే విషయంలో ఇరాఖ్ విద్వాంసులకూ మదీనా విద్వాంసులకూ భేదం ఉండేది. ఇరాఖ్ వారి లెక్క 8 రత్ల్‌లు, మదీనా వారి లెక్క 5⅓ రత్ల్‌లు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహి) మదీనాకు వెళ్ళి ఆధారం అడిగినప్పుడు, ముహాజిర్ల, అన్సార్ల సంతతికి చెందిన పెద్దలు తమ తండ్రుల నుంచి సంక్రమించిన సా పాత్రలను తెచ్చి ఎదుట పెట్టారనీ, వాటిని కొలిచి చూసి ఆయన తన అభిప్రాయాన్ని మార్చుకున్నారనీ గ్రంథాలలో ఉన్నది. వాదం తీర్చినది పాత్రే.

"ఆ తవ్వ ఇంట్లో ఉన్నదా?" అని మేము అడిగాము. ఉన్నదన్నారు. మరునాడు చిన్నవాడు ఆ ఇత్తడి తవ్వను గుడ్డలో చుట్టి తెచ్చాడు. ఒక లీటరు నీరు దాదాపు ఒక కిలో తూగుతుంది. అంటే ఒక గ్రాము నీరు ఒక మిల్లీలీటరు. ఖాళీ తవ్వను తూచి, అంచుదాకా నీరు నింపి మళ్ళీ తూచి, ఖాళీ బరువు తీసివేశాము. 840 గ్రాములు వచ్చింది. అంటే ఆ తల్లి తవ్వ 840 మిల్లీలీటర్లు. పెద్దవాడు పంపినది 500. వారానికి 340 మిల్లీలీటర్ల లోటు. అప్పటికి గడచిన 20 శుక్రవారాలకు 6 లీటర్ల 800 మిల్లీలీటర్లు. పెద్దవాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ లోటు ఈ నెలలోనే పంపిస్తాను హజ్రత్" అన్నాడు. అతడు తెలిసి తగ్గించలేదు. అయినా తెలిసిన తరువాత హక్కుదారుకు హక్కు చేర్చవలసిందే.

ఇటువంటి పరీక్ష ఏ ఇంట్లోనైనా చేయవచ్చు. అయితే నీటితోనే చేయాలి. పాలు నీటికన్న కొంచెం బరువు. లీటరు పాలు సుమారు 1,030 గ్రాములు. నూనె తేలిక, లీటరు నూనె సుమారు 910 గ్రాములు. అందుచేత కిలో ధర చెప్పి లీటరు నూనె ఇచ్చేవాడు 90 గ్రాములు మిగుల్చుకున్నట్లే. నూనె పాకెట్టు కొనేటప్పుడు దానిమీది మిల్లీలీటర్లనూ గ్రాములనూ రెండింటినీ చదవండి. పాలు పోసే సోదరులు నురగతో కొలత నింపరాదు. నురగ దిగిన తరువాత ఉన్నదే కొలత.

ఇదే లెక్క మన వుజూకు కూడా వర్తిస్తుంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సా నుంచి ఐదు ముద్‌ల వరకు నీటితో గుస్ల్ చేసేవారని హజ్రత్ అనస్ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖించారు. నాలుగు ముద్‌లు ఒక సా. హనఫీ లెక్కలో సా 1,040 దిర్హమ్‌లు, దిర్హమ్‌కు 3.06 గ్రాముల చొప్పున దీనిని నీటి తూకంగా తీసుకుంటే సుమారు 3 లీటర్ల 180 మిల్లీలీటర్లు. ముద్ దాదాపు 800 మిల్లీలీటర్లు. మదీనా లెక్కలో, అదే రత్ల్ ప్రకారం, ముద్ సుమారు 530 మిల్లీలీటర్లు. (ఫిత్రా ధాన్యపు లెక్క వేరు, దానిని ఈ నీటి లీటర్లతో కలపరాదు.) ఆ తల్లి తవ్వ నిండా నీరుంటే ఒక వుజూకు సరిపోతుందన్న మాట.

మదరసా పిల్లల చేత ఒక ప్రయోగం చేయించాము. వుజూ చేసేటప్పుడు కొళాయి కింద బకెట్టు పెట్టి, జారిన నీటిని లీటరు సీసాతో కొలవమన్నాము. ఒక్కొక్కరిది నాలుగైదు లీటర్లు తేలింది. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్నా, సముద్రం దగ్గర కావడంతో ఇక్కడి భూగర్భ జలంలో ఉప్పు ఎక్కువ. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు చెరువులలో నింపుకున్న నీరే దిక్కు. తాగే నీటిని 20 లీటర్ల డబ్బాలలో కొనుక్కునే ఇళ్ళు ఎన్నో. అటువంటి ఊరిలో ఒక వుజూకు ఐదు లీటర్లు పారబోయడం దుబారా కాక మరేమిటి?

సోదర సోదరీమణులారా! మీ ఇంట్లో తాతల నాటి సోల గాని తవ్వ గాని ఉంటే ఈ శుక్రవారం పిల్లలను కూర్చోబెట్టుకొని కొలవండి. వచ్చిన అంకెను కాగితంపై రాసి భద్రపరచండి. మదీనా వారి సాలోను, ముద్‌లోను శుభం కలగాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) దుఆ చేశారు. నిండుగా ఇచ్చే చేతిని, పొదుపుగా వాడే చేతిని అల్లాహ్ మనకందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.