‘ప్రాస్పెక్టివ్’ విశేషణం - ‘కాబోయే’ అనువాద పరిమితి

ఆంగ్లంలో భవిష్యత్తును సూచించే విశేషణాల్లో ‘ప్రాస్పెక్టివ్’ ఒకటి. ‘ముందుకు చూచు’ అనే అర్థంగల లాటిన్ క్రియ దీనికి మూలం. తెలుగులో దీనికి సాధారణంగా ‘కాబోయే’, ‘భావి’ అనే పదాలను వాడుతున్నాం. అయితే ‘కాబోయే’ అన్ని సందర్భాల్లోనూ పొసగదు.

‘కాన్’ అనే తుమున్నర్థకానికి ‘పోవు’ చేరి ‘కాఁబోవు’ ఏర్పడింది; దాని నుంచి వచ్చిన విశేషణ రూపమే నేటి ‘కాబోయే’. ఇందులో విషయం దాదాపు ఖాయమనే స్ఫురణ ఉంది. నిజామాబాదు కంఠేశ్వర్‌లోనైనా, బోధన్ పల్లెల్లోనైనా పెండ్లిచూపులకు వచ్చిన యువకుణ్ణి ‘కాబోయే అల్లుడు’ అనరు; సంబంధం కుదిరిన తర్వాతనే అంటారు. ఆంగ్ల విశేషణం ఈ రెండు దశలకూ చెల్లుతుంది.

ఈ భేదం చిన్నది కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. దాని పునరుద్ధరణకు సంబంధించిన ఒక ప్రకటనలో ‘ప్రాస్పెక్టివ్ ఇన్వెస్టర్స్’ అన్న మాటను ‘కాబోయే పెట్టుబడిదారులు’ అని అనువదించామనుకుందాం. చెరకు నాటాలా, వద్దా అని ఆలోచించే రైతుకు అది హామీగా వినిపిస్తుంది. ‘పెట్టుబడి పెట్టే అవకాశమున్నవారు’ అన్నదే అక్కడ సరైన అనువాదం.

న్యాయపరిభాషలో దీని అర్థం మరొకటి: నిర్ణయం వెలువడిన నాటి నుంచి ముందుకు మాత్రమే వర్తించడం. 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే అనుసరించి, పూర్వపు రాజ్యాంగ సవరణలను రద్దు చేయలేదు. ఇక్కడ ‘ఇకమీదట వర్తించే’ అనడం ఉచితం.

కనుక అనువాదకుడు మొదట పరిశీలించవలసింది కాలాన్ని కాదు, నిశ్చయపు స్థాయిని.