రాకపోకల ప్రభావ అంచనా

ఒక కొత్త నివాస సముదాయాన్ని నిర్మించడానికి ముందే, దాని వలన పరిసర రహదారులపైన, కూడళ్లపైన ఎంత అదనపు భారం పడుతుందో లెక్కగట్టే పద్ధతిని రాకపోకల ప్రభావ అంచనా అంటారు. దీనినే ట్రాఫిక్ ఇంపాక్ట్ అసెస్‌మెంట్ అని కూడా వ్యవహరిస్తారు. ఈ వ్యాసంలో గుంటూరు పరిసరాలను ఉదాహరణగా తీసుకొని ఈ పద్ధతి వివరించబడింది.

నేపథ్యం

2012లో గుంటూరు చుట్టూ ఉన్న పది గ్రామాలు నగరపాలక సంస్థలో విలీనమయ్యాయి. గోరంట్ల, నల్లపాడు, అడవితక్కెళ్లపాడు వీటిలోనివే. పొలాలున్న చోట లేఅవుట్లు, అపార్టుమెంట్లు వెలిశాయి గానీ నగరంలోకి వచ్చే దారులు చాలావరకు పాతవే. పైగా రైలు మార్గం నగరాన్ని రెండుగా చీలుస్తుంది. అవతలికి వెళ్లడానికి కొద్దిపాటి వంతెనలే ఆధారం. అందువలన గోరంట్లలో కట్టిన ఇళ్ల భారం అక్కడి కూడలిలో కంటే నగరం నడుమ ఉన్న వంతెన వద్ద ఎక్కువగా కనిపించవచ్చు. సముదాయపు గేటు ముందున్న రోడ్డును మాత్రమే పరిశీలించిన నివేదిక అసంపూర్ణమే.

లెక్కించే విధానం

మొదట ప్రస్తుతం రోడ్డుపై తిరిగే వాహనాలను రకాలవారీగా, గంటలవారీగా లెక్కిస్తారు. తరువాత కొత్త ఇళ్ల నుంచి రద్దీ గంటలో ఎన్ని వాహనాలు బయలుదేరుతాయో, అవి ఏ దారుల్లో వెళతాయో అంచనా వేస్తారు. అమెరికాలో ఇందుకోసం రవాణా ఇంజనీర్ల సంస్థ 1976 నుంచి పట్టికలు ప్రచురిస్తున్నది. ఇంటికో రెండు కార్లుండే దేశపు పట్టికలు ద్విచక్ర వాహనాలు, షేర్ ఆటోలు నిండిన మన ఊళ్లకు అతకవు. దగ్గరలోనే, అదే స్థాయి కుటుంబాలున్న కాలనీని సర్వే చేయడం మేలు.

వేర్వేరు వాహనాలను ఒకే కొలతలోకి తేవడానికి పాసింజర్ కార్ యూనిట్ అనే ప్రమాణం వాడతారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ప్రచురించిన 106వ సంఖ్య మార్గదర్శకాల ప్రకారం కారు 1 యూనిట్. మొత్తం వాహనాలలో వాటి వాటాను బట్టి ద్విచక్ర వాహనం 0.5 నుంచి 0.75, ఆటో 1.2 నుంచి 2, బస్సు లేదా లారీ 2.2 నుంచి 3.7, ట్రైలరుతో కూడిన ట్రాక్టరు 4 నుంచి 5 యూనిట్లు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. 400 ఇళ్ల సముదాయం నుంచి ఉదయం రద్దీ గంటలో 240 ద్విచక్ర వాహనాలు, 60 కార్లు, 30 ఆటోలు, 5 స్కూలు బస్సులు వస్తాయనుకుందాం. రోడ్డుపై ద్విచక్ర వాహనాలు, ఆటోలు ఎక్కువగాను, బస్సులు తక్కువగాను ఉన్నచోట వీటి విలువ 180 + 60 + 60 + 11, అనగా 311 యూనిట్లు. రెండు వరుసల ఉప ప్రధాన రహదారికి పై మార్గదర్శకాలు సూచించిన పరిమితి గంటకు 1200 యూనిట్లు. ఆ రోడ్డుపై ఇప్పటికే 800 ఉంటే మొత్తం 1111 అవుతుంది. ఇరుకే అయినా పరిమితిలోనే ఉంది కనుక అనుమతికి అడ్డు లేదనిపిస్తుంది.

పంట కాలం

అయితే 800 అనే అంకె ఏ నెలలో లెక్కించినది? ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు అమరావతి, క్రోసూరు వైపు గ్రామాల నుంచి మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు వస్తాయి. ఆ గంటలో 30 ట్రాక్టర్లు అదనంగా కలిస్తే, ఒక్కొక్కటి 4 యూనిట్ల చొప్పున 120 పెరిగి మొత్తం 1231 అవుతుంది. పరిమితి దాటిపోయింది! ఇళ్లు మారలేదు, రోడ్డు మారలేదు. లెక్కించిన నెల మాత్రమే మారింది. మే నెలలో బడులకు సెలవులు, సాధారణంగా యార్డుకు కూడా వేసవి సెలవులు ఉంటాయి. ఆ నెలలో సర్వే చేస్తే రెండు భారాలూ లెక్కకు రావు. కట్టేవారికి ఇది అనుకూలమైన నెల అని వేరే చెప్పనక్కరలేదు.

పత్తి కాలంలో ఇబ్బంది మరొక రకం. బోరాలు ట్రాక్టరు వెడల్పును మించి పక్కలకు పొడుచుకొని ఉండటం వలన వెనుక వాహనాలు దాటలేక బారులు తీరుతాయి. యూనిట్ల పట్టికలో ఇది పూర్తిగా ప్రతిబింబించదు. రోడ్డు పక్కన నిలబడి చూడవలసిందే.

చట్టపరమైన స్థితి

కేంద్ర ప్రభుత్వం 2006 సెప్టెంబరు 14న జారీచేసిన పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మిత వైశాల్యం గల భవన ప్రాజెక్టులకు ముందస్తు అనుమతిని విధించింది. రాకపోకల వివరాలు కూడా ఆ పరిశీలనలో భాగమే. కానీ ఐదారు ఎకరాల చొప్పున వేర్వేరు పేర్లతో వేసే స్థలాల లేఅవుట్లు ఒక్కొక్కటిగా ఈ పరిధిలోకి రావు. అటువంటివి పది పక్కపక్కన వెలిస్తే కలిగే భారం ఒక పెద్ద టౌన్‌షిప్‌కు తీసిపోదు. అందుచేత ఇప్పటికే అనుమతి పొంది ఇంకా కట్టని లేఅవుట్లను కూడా ప్రస్తుత రద్దీకి కలిపి లెక్కించాలి.

నివారణ చర్యలు

పరిమితి దాటినప్పుడు కూడలి వెడల్పు చేయడం, గేటును ప్రధాన రహదారిపై కాక పక్క దారిలో పెట్టడం, బస్సు ఆగడానికి వేరే చోటు వదలడం, కాలిబాట వేయడం వంటివి సూచిస్తారు. వీటికయ్యే ఖర్చులో నిర్మాణదారు వాటా ఎంతో అనుమతి పత్రంలోనే రాయించాలి. ఇళ్లు అమ్ముడుపోయాక అడగడానికి నిర్మాణదారు అక్కడ ఉండడు.